పరాయి దేశంలో రోజువారీ పనుల మధ్య దైవస్మరణ: ఎలా కుదురుతుంది?

కొత్తగాలి (డాలస్)

అందరికీ నమస్కారం. అపార్ట్‌మెంట్లలో ఉండే ఉద్యోగస్తులకు పనికొచ్చేలా ఒక చర్చ కావాలి. పండగకి గుడికి వెళ్ళడం, శనివారం ఇంట్లో పూజ చేసుకోవడం ఎలాగోలా జరుగుతాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా మనసులో భగవంతుడికి చోటు దొరకడం లేదన్నదే అసలు సమస్య. ఊళ్ళో అయితే గుడి మైకు, పక్కింటి హారతి గంట, రావిచెట్టు కింద నాగప్రతిమలు వాటంతట అవే గుర్తు చేస్తుంటాయి. ఇక్కడ అలాంటివేవీ కనపడవు. గంటగంటకూ ఫోన్‌లో అలారం పెట్టుకోమని చాలామంది చెబుతారు. అది ఎందుకు నిలవదు? దాని బదులు ఏం చేయాలి? తెలిసినవాళ్ళు వివరంగా రాయగలరు.

వైజయంతి (ఎడిసన్)

అలారం మోగే సమయానికి మనిషి మీటింగ్‌లోనో, స్టవ్ దగ్గరో ఉంటాడు. చెయ్యి వెళ్ళి దాన్ని ఆపేస్తుంది, మనసు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కొన్నాళ్ళు అలా ఆపాక ఆ మోత చెవికి ఎక్కడం కూడా మానేస్తుంది. అందుకని స్మరణను గడియారానికి కాక, ఎలాగూ చేసే పనికి ముడివేయాలి.

ఆ ముడి వేసే పద్ధతి మన పెద్దలు ఎప్పుడో తయారుచేసి పెట్టారు. విష్ణు షోడశనామ స్తోత్రం చూడండి. ‘ఔషధే చింతయేద్విష్ణుం, భోజనే చ జనార్దనం’ అని మొదలవుతుంది. మందు వేసుకునేటప్పుడు విష్ణువు, భోజనానికి జనార్దనుడు, పడుకునేటప్పుడు పద్మనాభుడు, పెళ్ళిలో ప్రజాపతి, యుద్ధంలో చక్రధరుడు, ప్రవాసంలో త్రివిక్రముడు, ప్రాణం పోయేవేళ నారాయణుడు, ఇష్టులను కలిసినప్పుడు శ్రీధరుడు, పీడకల వస్తే గోవిందుడు, కష్టంలో మధుసూదనుడు, అడవిలో నారసింహుడు, నిప్పు దగ్గర జలశాయి, నీళ్ళ మధ్య వరాహమూర్తి, కొండ మీద రఘునందనుడు, నడకలో వామనుడు, అన్ని పనుల్లోనూ మాధవుడు. పదహారు సందర్భాలకి పదహారు నామాలు. పరాయి దేశంలో ఉన్నవాడి సంగతి కూడా మరిచిపోలేదు చూడండి.

ఇక్కడి రోజులోకి దీన్ని ఇలా దించుకోవచ్చు:

ఇంటికి తాళం వేసి గడప దాటేటప్పుడు ‘త్రివిక్రమాయ నమః’. మూడడుగుల్లో లోకాలన్నీ కొలిచిన స్వామికి డాలస్ ఒక లెక్కా అని ఒక్క క్షణం నిలబడి తలుచుకోవాలి. సీటు బెల్టు క్లిక్‌మన్నాక, కారు కదిలేలోపు ‘వామనాయ నమః’. లాప్‌టాప్‌లో పాస్‌వర్డ్ కొట్టే ముందు ‘మాధవాయ నమః’. లంచ్ డబ్బా మూత తీసి, చెయ్యి పెట్టకముందు ‘జనార్దనాయ నమః’. థైరాయిడ్ మాత్రో, బీపీ మాత్రో అరచేతిలో పెట్టుకున్నప్పుడు ‘విష్ణవే నమః’. వీసా కాగితాల గురించి లాయర్ నుంచి మెయిల్ వస్తే, దాన్ని తెరవక ముందు ‘మధుసూదనాయ నమః’. ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి దీపం ఆర్పాక ‘పద్మనాభాయ నమః’.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. నామం పనికి ముందు రావాలి. రెండు ముద్దలు తిన్నాక గుర్తొస్తే అప్పుడైనా అనుకోండి, కానీ మర్నాటికి గుర్తు నిలవాలంటే చెయ్యి ఆగే చోటు ఒకటి ఉండాలి: మూత, బెల్టు, తాళం. రెండోది, పదహారూ ఒకేసారి మొదలుపెడితే వారం తిరిగేసరికి ఒక్కటీ మిగలదు. మొదటి వారం భోజనం ఒక్కటే. అది తలవకుండానే వస్తోందంటే రెండో వారం ప్రయాణం, ఆ తరవాత నిద్ర, ఆ తరవాత ఆఫీసు పని. నెలకి నాలుగు కుదిరితే చాలా మంచి నడక.

కొత్తగాలి (డాలస్)

చాలా స్పష్టంగా ఉందండీ. ఒక సందేహం. కొన్నాళ్ళకి నామం నోటికే పరిమితమవుతుంది, మనసు ఈమెయిల్ దగ్గరే ఉంటుంది. అప్పుడు?

అనుష్టుప్ (లండన్)

అలా కావడం తప్పదు, కంగారు పడకండి. దానికి మందు జపంలోనే ఉంది. జపం మూడు రకాలు: వినపడేలా చేసే వాచికం, పెదవి మాత్రమే కదిలే ఉపాంశువు, పెదవి కూడా కదలని మానసికం. ఆఫీసులో ఉన్నాం కదా అని చాలామంది నేరుగా మానసికంతో మొదలుపెడతారు. మూడింట్లోకీ కష్టమైనది అదే. నామం ఎక్కడ జారిపోయిందో పట్టిచ్చే శబ్దం అందులో ఉండదు. అందుకని ఇంట్లో, కారులో ఒంటరిగా ఉన్నప్పుడు గొంతెత్తి చేయండి. రైల్లో ఉపాంశువు. వాచికంలో కుదురుకున్న నామమే మానసికంలో నిలుస్తుంది. నిద్ర ముంచుకొస్తుంటే ఉపాంశువు నుంచి వాచికానికి రావాలి, అంతేగాని మానసికం వైపు వెళ్ళకూడదు.

లెక్కకి జపమాల అక్కర్లేదు, కరమాల చాలు. కుడిచేతి ఉంగరపు వేలి మధ్య కణుపు దగ్గర బొటనవేలు పెట్టి ఒకటి, అదే వేలి అడుగు కణుపు రెండు. చిటికెన వేలి అడుగు, మధ్య, పై కణుపులు మూడు, నాలుగు, ఐదు. ఉంగరపు వేలి పై కణుపు ఆరు, మధ్యవేలి పైది ఏడు, చూపుడువేలి పైది ఎనిమిది, దాని మధ్యది తొమ్మిది, అడుగుది పది. మధ్యవేలి కింది రెండు కణుపులు మేరువు, వాటిని దాటకూడదు. అక్కడి నుంచి వచ్చిన దారినే వెనక్కి రావాలి. ఎన్ని పదులయ్యాయో ఎడమచేతి మీద అలాగే లెక్కపెట్టుకుంటే పది పదులు నూరు, పైన ఎనిమిది. దేవీ మంత్రాలకి కరమాల వేరే విధంగా ఉంటుంది, ఉపదేశం ఇచ్చినవారు చెప్పినట్టు చేయండి.

‘శ్రీరామ జయరామ జయజయరామ’ త్రయోదశాక్షరి, అంటే పదమూడు అక్షరాల మంత్రం. నింపాదిగా ఒక్కోదానికి మూడు సెకన్లు పట్టినా 108 సార్లకి ఐదున్నర నిమిషాలు. రెండు ట్యూబ్ స్టేషన్ల మధ్య సగం మాల అవుతుంది. డ్రైవింగ్‌లో మాత్రం లెక్క పెట్టకండి. వేళ్ళ మీద ధ్యాస ఉంటే రోడ్డు మీద ఉండదు. లెక్కలేని నామసంకీర్తన చేసుకోండి, లేదా ఊరుకోండి.

ఉదయసంధ్య (మాంచెస్టర్)

వైజయంతి గారి పద్ధతి మంచిదే. అయితే ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆసనం మీద కూర్చునే సమయం రోజులో ఒక్కసారైనా లేకపోతే ఈ చిల్లర స్మరణలు నెల దాటవు. ఉపనయనం అయినవారికి సంధ్యావందనం ఉంది, మిగతావారికి ఒక పావుగంట స్తోత్రపారాయణ ఉంది. అది మూలధనం. పగలంతా ఖర్చు పెట్టుకునేది అందులోంచే.

ఇక్కడ సంధ్యకి అసలు చిక్కు అక్షాంశం. లండన్‌నే తీసుకుంటే జూన్ చివర్లో సూర్యోదయం 4:43కి, అస్తమయం రాత్రి 9:21కి. డిసెంబర్ చివర్లో ఉదయం ఎనిమిది దాటాక పొద్దు పొడిచి, సాయంత్రం నాలుగు కాకముందే కుంకుతుంది. మాంచెస్టర్ ఇంకా ఉత్తరాన ఉంది కాబట్టి తేడా ఇంకాస్త ఎక్కువ. అంటే చలికాలంలో ఉదయసంధ్య హాయిగా కుదురుతుంది, సాయంసంధ్య ఆఫీసు నడుమ పడుతుంది. వేసవిలో దీనికి తిరగేసి. ఏడాది పొడుగునా ‘ఉదయం ఆరు, సాయంత్రం ఆరు’ అని గడియారం పట్టుకున్నవాళ్ళకి ఇక్కడ రెండూ తప్పుతాయి.

డిసెంబర్ మధ్యాహ్నం 3:45కి ఆఫీసులో నీళ్ళు, పాత్ర లేకుండా పూర్తి సంధ్య కుదరదు. పది నిమిషాలు బయటికి వెళ్ళి, పశ్చిమానికి తిరిగి, మానసికంగా గాయత్రి పది సార్లు చేయండి. 108, 28, 10 అన్న మూడు సంఖ్యల్లో పది కనిష్ఠం. ఇంటికొచ్చాక కాళ్ళు కడుక్కుని, మూడు అర్ఘ్యాలకి తోడు కాలం తప్పినందుకు ప్రాయశ్చిత్తార్ఘ్యం కలిపి సంధ్య పూర్తి చేసుకోవచ్చు. కాలం దాటిపోయింది కదా అని మొత్తం వదిలేయడమే అసలు దోషం. రెండుసార్లు వదిలేస్తే మూడోసారి మనసు అడగదు.

మందారమాల (ఫ్రీమాంట్)

ఉదయసంధ్య గారూ, మీ మాట కొట్టిపారేయను. కానీ పసిపిల్లల తల్లికి, రెండు ఉద్యోగాలు చేసే విద్యార్థికి ఆ పావుగంట దొరకని కాలం ఒకటి ఉంటుంది. పోతన గారు ప్రహ్లాదుణ్ణి వర్ణించిన పద్యం సప్తమస్కంధంలో ఉంది కదా, ‘పానీయంబులు ద్రావుచున్ గుడుచుచున్ భాషించుచున్’ అని. నీళ్ళు తాగడం, తినడం, మాట్లాడడం, నవ్వడం, నిద్రపోవడం, తిరగడం, చూడడం: ఇవే ఆ పద్యంలో ఉన్న పనులు. ఆసనం, గంట, హారతి ఏవీ లేవు. పాలడబ్బా కలుపుతున్న చేతికి ఆ పద్యం ఎంత ఊరటో! ఆ ఏడు పనుల్లో ఒక్కటి పట్టుకున్నా చాలు. మంచినీళ్ళు తాగిన ప్రతిసారీ మొదటి గుక్కకి ముందు ‘నారాయణ’. రోజుకి ఎనిమిది గ్లాసులు తాగితే ఎనిమిది స్మరణలు, ఒక్క నిమిషం కూడా అదనంగా పట్టదు.

ఉదయసంధ్య (మాంచెస్టర్)

ఒప్పుకుంటాను. కాకపోతే ప్రహ్లాదుడికి తల్లి కడుపులోనే నారదుల వారి ఉపదేశం అందింది. మనకి ఆ ఉపదేశం రోజూ కొంచెం కొంచెంగా అందాలి. పసిపిల్లల తల్లికి వెసులుబాటు ఉండాలి, అందులో వాదం లేదు. ఇద్దరు మనుషులున్న ఇంట్లో సాయంత్రం రెండు గంటలు సీరియళ్ళకి దొరుకుతుంటే మాత్రం పావుగంట లేదనకూడదు.

దీపకళిక (టొరంటో)

అపార్ట్‌మెంట్‌లో దీపం సంగతి ఎవరూ ఎత్తలేదు, రాస్తున్నాను. ముందు మీ అద్దె ఒప్పందం చదవండి. కొన్నింటిలో మంట ఏదైనా నిషేధమే. యూనివర్సిటీ హాస్టళ్ళలో కొవ్వొత్తిని కూడా ఒప్పుకోరు. అలాంటిచోట దొంగతనంగా వెలిగించొద్దు. పొగ అలారం మోగుతుందేమోనన్న భయంతో చేసే పూజలో మనసు దేవుడి మీద ఉండదు, సీలింగ్ మీద ఉంటుంది. డిటెక్టర్‌కి ప్లాస్టిక్ కవరు కట్టడం మాత్రం ఎప్పుడూ, ఎవరూ చేయకూడదు. పై అంతస్తుల్లో పసివాళ్ళుంటారు.

అనుమతి ఉంటే: స్టీలు పళ్ళెంలో చిన్న ప్రమిద, ఒక చెంచా నువ్వుల నూనె, వత్తి అంచు దాటి అర సెంటీమీటరుకి మించి బయటికి రాకుండా. వత్తి పొడుగైతే మసి ఎక్కువ, అలారం మోగించేది ఆ మసే. హీటర్ గాలి, ఏసీ గాలి తగలని మూల చూడండి. స్ప్రింక్లర్ కింద, కర్టెన్ పక్కన పెట్టకండి. సాంబ్రాణి, కర్పూరం ఇండ్లలో వద్దు, గుడికి ఉంచండి. అగరుబత్తి వెలిగించాలంటే స్టవ్ పైన ఉండే ఎగ్జాస్ట్ ముందుగానే వేసి, సగం విరిచి వెలిగించండి. దీపం వెలుగుతుండగా బయటికి వెళ్ళొద్దు. టైమైపోతుంటే నోటితో ఊదకుండా, పూలకాడతో వత్తిని నూనెలోకి లాగితే అదే కొండెక్కుతుంది.

మంట కుదరనివాళ్ళకి మానస పంచపూజ ఉంది. ‘లం పృథివ్యాత్మనే గంధం సమర్పయామి, హం ఆకాశాత్మనే పుష్పం, యం వాయ్వాత్మనే ధూపం, రం వహ్న్యాత్మనే దీపం, వం అమృతాత్మనే నైవేద్యం.’ భూమి, ఆకాశం, గాలి, అగ్ని, అమృతం: ఐదింటినీ ఒక్కొక్కటిగా కళ్ళముందు తెచ్చుకుని సమర్పించాలి. హడావుడి లేకుండా చేస్తే రెండు మూడు నిమిషాలు. ఇది దీపం దొరకనివాడి సర్దుబాటు కాదు, పెద్ద పెద్ద పారాయణలకి ముందు చేసే పూజే ఇది.

అంజన్న_దండం (దుబాయ్)

అందరు అపార్ట్‌మెంట్ల గురించే రాసిండ్రు. గల్ఫ్ క్యాంపులల్ల ఉండెటోళ్ల సంగతి వేరే ఉంటది. రూముకు ఆరుగురు, ఎనమండుగురు, మంచం మీద మంచం. అందుల వేరే దేశపోళ్లు, వేరే మతపోళ్లు గూడ ఉంటరు. గోడకు పటం కొట్టుడు, దీపం పెట్టుడు కుదరదు. మంట పెడితె క్యాంపు బాస్ ఊకోడు, ఊకోవద్దు గూడ. అంటుకుంటె అందరి పాణాల మీదికొస్తది.

పటాన్ని బట్టల అల్మారా తలుపుకు లోపటి దిక్కు అతికించుకోవాలె. తలుపు తీస్తె స్వామి కనవడుతడు, మూస్తె ఎవ్వలికి అడ్డం ఉండదు. డ్యూటీ బట్టలు తీసుడు రోజూ ఉండే పనే, అప్పుడే దండం. సైటు బస్సుల అర్ధగంట నుంచి గంట దాక టైం దొరుకుతది. హనుమాన్ చాలీసాల నలభై చౌపాయిలు, నిమ్మళంగ చదివితె పది నిమిషాలు. చదువు రానోళ్లు ఇయర్‌ఫోన్ల వినుకుంట వెనుక అనాలె. ఊకె వింటె నిద్ర వడుతది, అంటెనే నోటికొస్తది. యూఏఈల జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పగలు పన్నెండున్నర నుంచి మూడు దాక ఎండల పని బంద్ ఉంటది. ఆ నీడల కూసున్నప్పుడు ఫోన్ పట్టకముందు మొదటి అయిదు నిమిషాలు నామానికి ఇయ్యాలె.

కొత్త మంత్రాలు ఎతకవద్దు. ఇంట్ల మొక్కున్న దేవుడే ఉండాలె: వేములవాడ రాజన్ననో, కొండగట్టు అంజన్ననో, ధర్మపురి నర్సింహస్వామో. ఆ పేరుతోని అమ్మ యాదికొస్తది, ఊరు యాదికొస్తది, మనసు జల్ది నిలవడుతది. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు బటన్ ఒత్తకముందే ఒక్కసారి ఆ పేరు తలుసుకోవాలె. అప్పుల ముచ్చట, పొలం లొల్లి వచ్చేది ఆ ఫోన్లనే. మాట తూలకుంట ఉంటది. గ్రైండర్ మీద, క్రేన్ కాడ, ఎత్తు మీద ఉన్నప్పుడు మాత్రం నామం లెక్క వద్దు, పని మీదనే నజర్ ఉండాలె.

సెలవు దినం గుడికి పోవాలంటె జబల్ అలీ గుడి 2022 అక్టోబర్‌ల తెరిచిండ్రు, అబూధాబీది 2024 ఫిబ్రవరిల. పోలేకుంటె ముడుపు కట్టుండ్రి: పసుపు బట్టల ఒక దిర్హం వెట్టి పెట్టెల దాసి, ఊరికి పోయినప్పుడు గుడిల చెల్లించాలె.

వైజయంతి (ఎడిసన్)

అన్నా, అల్మారా తలుపు ఉపాయం అమెరికాలో రూమ్‌మేట్లతో ఉండే పిల్లలకి కూడా సరిగ్గా సరిపోతుంది. అలాగే యుద్ధంలో చక్రధరుణ్ణి తలుచుకోమన్నారు కదా, ఇంటికి ఫోన్ చేసే ముందు అన్న మీ మాటకి అది కూడా చక్కగా కుదురుతుంది.

తిథివారం (చికాగో)

పంచాంగం గురించి రెండు ముక్కలు. ఇది సరిగ్గా లేకపోతే ‘ఈవేళ ఏకాదశి’ అన్న తలంపే తప్పు రోజున వస్తుంది. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల దూరం. అది ముగిసే క్షణం ప్రపంచమంతటికీ ఒకటే, గడియారాలే వేరు. హైదరాబాద్‌లో మంగళవారం ఉదయం 7కి ముగిసే తిథి చికాగోలో వేసవి గంటల ప్రకారం సోమవారం రాత్రి 8:30కే ముగుస్తుంది. అక్కడ మంగళవారం సూర్యోదయానికి ఆ తిథి ఉంది, ఇక్కడ సోమవారం సూర్యోదయానికే ఉంది. అందుకే సూర్యోదయ తిథిని బట్టి చేసే వ్రతాలు ఇక్కడ ఒకరోజు ముందు పడొచ్చు. అమ్మ ఫోన్ చేసి చెప్పిన తేదీ, ఇక్కడి గుడి క్యాలెండర్ తేదీ కలవకపోతే గుడిదే పాటించండి.

యాప్‌లో ఊరు మార్చుకోండి, చాలావాటిలో మొదట భారత నగరమే ఉంటుంది. పీడీఎఫ్ పంచాంగాల్లో గంట తేడా వస్తుంటే వేసవి కాలమానం కలిపారో లేదో చూడండి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా అది నడుస్తుంది. ఏకాదశికి స్మార్తుల లెక్క, వైష్ణవుల లెక్క వేరు. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు, అంటే అరుణోదయానికి దశమి మిగిలి ఉంటే వైష్ణవులు మర్నాడు చేస్తారు.

సంకల్పంలో ‘జంబూద్వీపే భరతవర్షే’ అన్నచోట అమెరికా ఆలయాల్లో ‘క్రౌంచద్వీపే రమణకవర్షే’ అనడం వినపడుతుంది. ఆలయాన్ని బట్టి పాఠం మారుతుంది, మీ అర్చకులు ఎలా చెబితే అలా రాసుకోండి. పొద్దున్నే సంకల్పంలో తిథి, వారం, నక్షత్రం, ఉన్న ఊరు పేరు పలికితే, ‘నేను ఇక్కడ, ఈ రోజున నీ ముందు ఉన్నాను’ అని చెప్పుకున్నట్టే. వర్జ్యాలు, రాహుకాలాలు చూసుకుని భయపడడాన్ని మాత్రం స్మరణ లెక్కలో వేసుకోకండి.

మందారమాల (ఫ్రీమాంట్)

తినేవాటి గురించి చిన్న మాట. నైవేద్యానికి ఏదీ వండలేని రోజు అరటిపండో, పది కిస్‌మిస్‌లో, పటికబెల్లమో చాలు. కొట్టు పెరుగు పెడితే డబ్బా మీద జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది) ఉందేమో చూడండి, కొన్ని రకాల్లో కలుపుతారు. చీజ్‌లో రెన్నెట్ (పాలను విరగ్గొట్టే పదార్థం) జంతువులదా కాదా అన్నది కూడా చూసుకోవాలి. పెట్టిన పూలు వాగుల్లో, సరస్సుల్లో వేయకుండా తులసి కుండీలో వేస్తే మట్టిలో కలుస్తాయి. చలిదేశాల్లో తులసిని మంచు పడక ముందే లోపలికి తెచ్చి, దక్షిణపు కిటికీ దగ్గర పెట్టాలి. శీతాకాలంలో పైమట్టి ఆరాకే నీళ్ళు. రోజూ పోస్తే వేరు కుళ్ళుతుంది. నీళ్ళు పోయని రోజున కూడా నమస్కారం మానక్కర్లేదు.

అనుష్టుప్ (లండన్)

రోజు ముగింపు గురించి ఎవరూ రాయలేదు. లాప్‌టాప్ మూసేటప్పుడు ‘కాయేన వాచా మనసేంద్రియైర్వా’ శ్లోకం ఒక్కసారి. చివర ‘నారాయణాయేతి సమర్పయామి’ అన్నాక మూత దించాలి. పని బాగా జరిగిన రోజు తేలిగ్గా వస్తుంది. మాటపడ్డ రోజున రాదు, ఆ రోజే రెండుసార్లు అనాలి. ఆ తరవాత మళ్ళీ ఆఫీసు మెయిల్ తెరిస్తే ఇచ్చింది వెనక్కి తీసుకున్నట్టు అవుతుంది కాబట్టి, నిజంగా చివరిసారి మూసేటప్పుడే చేయండి.

దక్షిణగోళం (సిడ్నీ)

తిథివారం గారూ, ఆస్ట్రేలియా వాళ్ళకి ఒక ప్రశ్న. సంకల్పంలో ‘వసంత ఋతౌ’ అంటున్నప్పుడు ఇక్కడ ఆకులు రాలుతుంటాయి. ఉత్తరాయణమంటున్నప్పుడు పగలు తగ్గుతుంటుంది. ఏం పలకాలి?

తిథివారం (చికాగో)

చైత్ర, వైశాఖాలకి వసంతం అని ఋతువును మాసంతో ముడివేసి చెప్పడం పంచాంగ సంప్రదాయం. విదేశాల్లో చాలామంది అర్చకులు పంచాంగంలో ఉన్న అయనం, ఋతువు, మాసం అలాగే పలుకుతారు. మీరూ అలాగే పలకండి, ఊరు పేరు మాత్రం సిడ్నీ అనండి. సూర్యోదయం, తిథి మీ ఊరివే తీసుకోవాలి. సంధ్యకి తూర్పు తూర్పే. మధ్యాహ్నం సూర్యుడు మీకు ఉత్తరాన ఉంటాడు కాబట్టి, నీడ చూసి దిక్కు గుర్తుపట్టే అలవాటున్నవాళ్ళు మొదటిసారి ఫోన్‌లో కంపాస్ పెట్టి సరిచూసుకుంటే మంచిది.